రెండు స్లీపర్లకి ఒక అడుగు

తెల్లవారుజాము నాలుగున్నరకి
పట్టీని చెంబులో ముంచి తీస్తాను.
తడి లేకపోతే గుండె మాట దానికి వినపడదట,
బెహరా గారు చెప్పారు.
డివిజన్ కోచ్. వాళ్లబ్బాయి పరుగు మానేసి
బ్యాంకు పరీక్షలకి కూర్చున్నాక
ఈ సెట్టు నాకు దక్కింది:
ఛాతీకి పట్టీ, మణికట్టుకి గడియారం,
కుడి బూటు లేసులో ఇరికించడానికి
నత్తగుల్లంత సెన్సర్.

మొదటిరోజు అప్పలకొండ
బనీను మీంచి పట్టీ తడిమి చూసింది.
"ఏటిది, తాయెత్తేటి? ఎవులు కట్టినారు?"
చైనా వాళ్లు, అన్నాను.
"ఏ గాలికి?"

గరివిడి నుంచి చీపురుపల్లి వైపు
పట్టాల పక్క ఎర్రమట్టి బాట.
పగలు ఇక్కడే కీమ్యాన్‌ని,
భుజాన సుత్తి, సంచిలో ఎర్రజెండా,
జారిన క్లిప్పులు కొట్టి బిగిస్తూ
స్లీపరు మీంచి స్లీపరు మీదికి
పద్నాలుగేళ్లుగా నడుస్తున్నాను.
తెల్లారకముందు మాత్రం ఈ బాట నాది,
జనరల్ మేనేజర్ ఎదురొచ్చినా పక్కకి జరగను.

నెల తిరిగాక కోచ్ గారు
కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి నవ్వారు.
"ఏమయ్యా, ప్రతి అడుగూ నూట ఇరవై సెంటీమీటర్లేనా?
పన్నెండు కిలోమీటర్లు పరిగెడితే
మనిషన్నవాడి అడుగు కాస్త అటూ ఇటూ అవుతుంది."
స్లీపరుకీ స్లీపరుకీ అరవై, అన్నాను.
రెండు దాటితే నూట ఇరవై.
నేను కొలవలేదండి,
కాళ్లే కొలుచుకున్నాయి.

తర్వాత ఎర్రగీత చూపించారు. గుండెది.
నూట యాభై రెండు, యాభై మూడు, మళ్లీ యాభై రెండు,
చిక్కు లేని గోగునారలా సాఫీగా పోయి
ఐదుంపావు కిలోమీటరు దాటగానే
ఉన్నట్టుండి నూట డెబ్బై ఒకటి.
అదే చోట అడుగు
నూట నాలుగుకి కుంచించుకుపోయింది.
నిన్నా అంతే. మొన్నా. అటుమొన్నా.
"అక్కడేమైనా ఎత్తుందా?"
లేదండి.
వెయ్యికి ఒకటి కూడా లేదు, బల్లపరుపు.
"కుక్కలా?"
లేవండి.
"మరి?"

మరి అక్కడ దాలినాయుడి గొడుగు దొరికింది.
మనిషి కంటే ముందు గొడుగు.
వానలో డౌన్ లైను బండికి దారిచ్చి
అప్ లైనులోకి జరిగాడు.
రెండోది వస్తోందని
ఏ గడియారమూ చెప్పలేదు.
ఆ రోజు ఆ బీటు నాది.
జిల్లా పోటీలున్నాయని నేను బతిమాలితే
తను తిరిగాడు.
పోటీలో నాకు మూడో స్థానం వచ్చింది.
స్టీలు టిఫిన్ క్యారేజీ ఇచ్చారు.

ఇదంతా చెప్పలేదు.
సెన్సర్ బ్యాటరీ తగ్గిందేమోనండి, అన్నాను.
ఆయన నమ్మినట్టే ఉన్నారు.
"దారి మార్చి చూడు" అని మాత్రం అన్నారు.
మార్చలేదు.

నిన్న సాయంత్రం అప్పలకొండకి సరదా పుట్టింది.
"నా గుండెకాయ ఏటంటాదో సూద్దాం."
జాకెట్టు కింద పట్టీ బిగించుకుని
కత్తిపీట ముందు బీరకాయలతో కూర్చుంది.
గడియారం నా చేతిలో.
డెబ్బై ఆరు. డెబ్బై ఎనిమిది.
"మంచిదేనా?"
మంచిదే.
"నీదెంత?"
కూర్చుంటే యాభై.
"నీకు పనీపాటా లేదు మరి."

ఇంతలో క్వార్టర్ల వెనక వెళ్లే ఏడూ పది బండి
దూరంగా కూత వేసింది.
ఆమె చెయ్యి ఆగలేదు. ముఖం మారలేదు.
పక్కింటివాళ్ల కుళాయి గొడవ చెబుతూనే ఉంది.
గడియారంలో మాత్రం
తొంభై.
నూట ఎనిమిది.
నూట ఇరవై ఆరు.
నేను ఎదురుగానే ఉన్నాను,
కాళ్లు కడుక్కుని, లుంగీలో, గోడకి చేరబడి.

ఆఖరి పెట్టె దాటిపోయి
కిటికీ రెక్క అదరడం మానేదాకా
అంకె దిగలేదు.

"ఎంతుంది?" అంది.
చూపించాను.
కాసేపు చూసింది. చేతులు తుడుచుకుని
పట్టీ విప్పేసింది.
"ఇది పాడైపోనాది. రేపు ఆ కోచ్ గారికి ఇచ్చీ."
ఇంకో బీరకాయ తీసుకుంది.