అంటు

ఆరు నెలలు టీబీ గోలీలు మింగాడు జానయ్య.
మెడ కింది గడ్డ కరగలేదు.
ఇంట్లో గ్లాసు మాత్రం వేరైంది.

"అంటురోగమేనా మేడం?"
ముక్క తీసిన రోజు
నల్లగొండ పెద్దాసుపత్రి వరండాలో అడిగాడు.
ఆ ముక్క మైనపు దిమ్మలో నా దగ్గరే ఉంది.
జవాబే లేదు.

స్లైడు మీద ఊదారంగు చుక్కలు,
అంగడి నాటి జనంలా ఒకరి మీద ఒకరు.
కొట్లాటకొచ్చారా, బేరానికొచ్చారా?
రెండు రాత్రులు చూశాను.
కుడికన్ను ఒకటంటే ఎడమకన్ను ఇంకోటంది.

నాలుగు పలచని పొరలు చిన్న గొట్టంలో వేసి
హైదరాబాదుకు పంపాను.

ప్రతి లింఫోసైటూ పుట్టేటప్పుడు
తన జన్యువును తానే కత్తిరించి అతికించుకుంటుంది,
పక్కదానిలా ఉండకుండా.
ఏ జ్వరానికో లేచిన గుంపైతే
గ్రాఫు మీద లతీఫ్ సాహెబ్ గుట్టలా పరుచుకుంటుంది.
ఒక్కదాని సంతానమే అయితే
చెలకలో కరెంటు స్తంభం.

పద్దెనిమిదో రోజు కాగితం వచ్చింది.
స్తంభమే.
డీఎన్‌ఏ చాలకపోతే ఉత్తుత్తి స్తంభాలూ లేస్తాయి,
అందుకని మళ్లీ నడిపించాను.
అదే చోట. అదే.

"జానయ్యా, నీ గడ్డలున్నయన్నీ ఒక్క తల్లి పిల్లలే."

నవ్వాడు.
ఇరవై రెండేళ్లుగా హాలియా దిక్కు నర్సరీల్లో
జంబేరి మొదలు మీద బత్తాయి కన్ను కట్టేవాడు,
బొటనవేలంతా కత్తి గాట్లు.
"మా తాన నలభై వేల మొక్కలు, ఒక్క చెట్టు కండ్లే.
దానికి రోగమంటరా?"

ఈ మాట మా పుస్తకాల్లోనూ ఉంది,
ఇంత సూటిగా లేదు.
ఒక్క తల్లి కావడం నేరం కాదు.
ముసలి ఒంట్లో, పాత చీము పక్కన
ఒక్క వంశమే బలిసి ఊరికే ఉండిపోవచ్చు.
స్తంభం సాక్షి. తీర్పు నాది,
స్లైడుతో, రంగు పరీక్షలతో,
అతను తగ్గిన తొమ్మిది కిలోలతో,
తెల్లారేసరికి తడిసే దుప్పటితో.

నేను నోరు తెరిచేలోపు తానే అన్నాడు:
"తల్లి మంచిదో కాదో కాయ చూస్తెనే ఎరుక."

"కాయ చూసినం జానయ్యా."

చాలాసేపు బొటనవేలు రుద్దుకున్నాడు.
మందుందని చెప్పాను, ఎన్నిసార్లు రావాలో చెప్పాను.
విన్నాడో లేదో.

"అయితే అంటేది కాదు గద?"
"కాదు."

జేబులోంచి ఫోను తీసి, నంబరు కలిపి
నా చేతిలో పెట్టాడు.
"మిగిలింది నేన్ జెప్పుకుంట.
ఈ ఒక్క ముచ్చట మీరే చెప్పున్రి మా ఇంట్ల.
గ్లాసు సంగతి."

అవతల రింగవుతోంది.