పరాయి పుల్ల

పండ్ల డాక్టరమ్మ నీరజాక్షి
కొర్లగుంటలో నా అంగడి గోడకు సైకిలు ఆనించి
"మస్తానూ, దీన్ని సముద్రం దాటించి తెచ్చినా.
కడిగి పెట్టు, ఆదివారానికి కావాల" అనింది.
అంతే.
ఎండకు కమిలిన ముక్కు మీద పొర లేస్తా ఉంటే
గిల్లుకుంటా వెళ్ళిపోయింది.

గౌసుగాడు ఫోనులో చూపించినాడు ఆ దీవిని,
నీళ్ళ నడుమ చింతగింజంత.
దాని నడిమధ్యలో మంట కక్కే కొండంట,
మొన్న మొన్ననే కక్కిందంట.
పెద్దది చేసి చూద్దామని వేలు పెడితే
నా బొటనవేలి గ్రీజుకు తెర కదల్లేదు.
దీవి చింతగింజగానే ఉండిపోయింది.

సరేలే అని గొలుసు విప్పితి.
కిరసనాయిలు గిన్నెలో వేసి రుద్దితే
అడుక్కి దిగింది నల్లటి పిండి.
మన దుమ్ము నాకు తెలవదా?
రేణిగుంట రోడ్డుది తెల్లన,
చంద్రగిరి దావది ఎర్రన, వేలికంటితే మెత్తన.
ఇది గోటి కింద గాజుపొడి మాదిరి కరకరమనింది.
కొండ కడుపులో ఉడికి, ఆరి, పొడై,
పళ్ళచక్రం సందుల్లో దాక్కోని
విమానమెక్కి వచ్చింది తిరపతికి
గుండు మొక్కు కూడా లేకుండా.

ఆయమ్మ చెప్పనిదంతా సైకిలే చెప్పింది.
చిన్న పళ్ళచక్రం అరిగింది, పెద్దది కొత్తగానే ఉండాది:
పోయినన్నాళ్ళూ ఎక్కుడే ఎక్కుడు.
వెనక బ్రేకు రబ్బరు ఇనుము దాకా పోయింది,
ముందరిది అట్నే ఉండాది:
దిగేటప్పుడు భయం, అమ్మకు.
ఎవురి ముందరా ఒప్పుకోదు.
మన నోట్లో మిషను పెట్టి
"ఏం కాదు, ఏం కాదు" అనే మనిషి.
ఎడమ పెడలు చెక్కుకుపోయింది, ఎడమ పిడి చీలింది:
పడింది. ఒకసారే.
సీటు కింద సంచిలో ఏదో బాస రాసిన బిస్కత్తు కాగితం,
దాని మడతలో ఎండిన చీమ.
అదీ ఆ ఊరిదే కావాల.

వెనక చక్రం తిప్పితే
వెండి పుల్లల నడుమ ఒకటి నల్లగా మెరిసింది.
పరాయి పుల్ల.
పడినప్పుడు విరిగిన దాని చోట ఎవురో వేసినారు.
తల కాడ నూలుపోగు రెండు చుట్లు, మెలి ఎడమకు.
ఎడమచెయ్యి వాటం.
ఆడో మగో, ముసలో పడుచో, అల్లాకే తెలుసు.
వేలితో మీటినా.
పక్కనుండేవి ఎట్లా టింగుమన్నాయో
ఇదీ అట్లే, వీసం తేడా లేకుండా.
చెవితో బిగించిన పుల్ల.
మా నాయన అట్లే బిగిస్తా ఉన్నాడు,
కండ్లు మూసుకొని, రైలు పొయ్యేదాకా ఆగి.

శనివారం తెల్లార్తో బాకరాపేట కనుమకు పోతి.
"బ్రేకు చూసేదానికి అంత దూరమా?"
మా షంషాద్ నగింది.
మూడో మలుపులో ఊపిరి అందలా, దిగి తోసినా.
మన కొండ ఎప్పుడో చల్లారిన కొండ,
చెయ్యి ఆనిస్తే రాతిలో ఇంకా రాత్రి చలే.
పిట్టగోడ మీద కోతి
నన్ను వదిలి సీటు వంకే చూస్తా ఉండింది.
దిగేటప్పుడు
నేనూ వెనక బ్రేకే పట్టినా.

ఆదివారం డాక్టరమ్మ వచ్చి చక్రం చూసి
"ఆ నల్లది మార్చలేదా? బాగలేదు" అనింది.
"గట్టి పుల్లమ్మా, ఉండనీ" అంటి.
లెక్క రాసిస్తి: గొలుసు కడిగింది, రబ్బర్లు రెండు, పిడి తొడుగు.
నల్ల పిండి అగ్గిపెట్టెలో ఉండాది, అది చెప్పలా.
ఇంకొకటీ రాయలా:
నల్లదానికి సరిగ్గా ఎదురుగా ఒకటి ఊడదీసి
మా అంగడి ఇత్తడి తల పుల్ల వేసినా,
ఎర్రపోగు రెండు చుట్లు, మెలి కుడికి.

వచ్చే ఏడు మళ్ళా పోతాదంట.
పడకూడదు, పాపం.
పడితే మాత్రం
ఆ ఎడమచేతి అంగడి ముందరే పడనీ.