అర మిల్లీమీటరు

ఆ ఏడు జనవరిలో ఒక్క జల్లు.
నల్లరాయి దాన్ని తాగనైనా తాగలేదు, ఆవిరిగా విదిలించింది.
నారు పోసినవాడు నీరు పోయడా అంటాం మనం.
పసిఫిక్ నడుమ ఆ దిబ్బకి ఆ మాట చేరలేదు.

సోయ్లా మసకీసా నీళ్ళ పీపాలతో పడవ దిగింది.
కొండల్లో, సలసాకాలో, మగ్గాల ఇంట పుట్టి
గాలాపగోస్‌కి బతకడానికొచ్చిన మనిషి.
ఇక్కడ ఆమె పని చిన్నది:
వలలో పడ్డ పిట్టని విడిపించడం,
అరచేతిలో వెల్లకిలా పట్టుకుని
ముక్కు మొదట్లో మందం కొలిచి పైకి చదవడం,
కాలికి రంగు కడియం తొడిగి వదిలేయడం.
పదిహేను గ్రాముల పిట్ట. అందులో సగం గుండెదడే.

మెత్తటి గింజలు ముందు అయిపోయాయి.
అవి ఉన్నన్నాళ్ళూ అందరిదీ ఒకటే పంక్తి,
ఎవరి ముక్కు ఎంతో ఎవరికీ పట్టలేదు.
జూన్‌కి నేల మీద మిగిలింది పల్లేరు.

అవును, పల్లేరే.
మన గట్ల మీద అరికాలు ఎరిగిన కాయకి
సముద్రాల అవతలి అక్క.
చుట్టూ ముళ్ళు, రాయంత గట్టి తలుపు,
తలుపు వెనక నాలుగైదు గింజలు.

పసుపు కడియం వాడిది ఎనిమిదిన్నర.
కాయని తిప్పాడు, మూల పట్టాడు, జారింది.
మళ్ళీ పట్టాడు. జారింది.
సోయ్లా గడియారం చూసింది: ఆరు నిమిషాలు.
తర్వాత వాడు కాయ పక్కనే కూర్చున్నాడు,
బాకీ అడగడానికొచ్చి నోరు రాని వాడిలా.

ఎర్ర కడియం వాడిది పదిన్నర.
రాతికి ఆనించి మెలితిప్పాడు.
టప్.
పొయ్యి దగ్గరున్నా ఆ చప్పుడు ఆమె చెవి పోల్చుకునేది.

ఆగస్టులో పొదకింద పసుపు కడియం దొరికింది.
ఆమె మళ్ళీ కొలిచింది. ఎనిమిదిన్నరే.
అంత ఆకలి, అన్ని నెలలు,
వెంట్రుకవాసి కూడా పెంచలేదు.
"పోయేముందు ఒక్క పిసరైనా పెరగకపోతివా" అని
దాన్నే తిట్టింది, స్పానిష్‌లో కాదు, అమ్మ భాషలో.

క్విటో నుంచి వచ్చిన కుర్రాడు ఎలియేసర్
కాగితం మీద గీతలు గీసి చెప్పబోయాడు.
ఆపింది.
"తెలుసులే. పసుపు దారం ఎర్రగా మారదు.
పసుపు పోగులు ఒక్కొక్కటే లాగేస్తూ పోతే
గుడ్డ ఎర్రబడుతుంది.
లాగే చెయ్యి కనపడదు, అంతేగా?"
ఆ పూట అతను పెన్సిలు ఇంక ముట్టుకోలేదు.

వాన వచ్చింది, ఏడాది ఆలస్యంగా, చెప్పాపెట్టకుండా.
గూళ్ళలో కొత్త నోళ్ళు తెరుచుకున్నాయి.
తల్లీతండ్రీ మందమే పిల్లలకి దిగింది.
పెరిగాక కొలిస్తే
కరువు ముందటి సగటు మీద అర మిల్లీమీటరు ఎక్కువ.
అర మిల్లీమీటరు!
బొటనవేలి గోటి అంచంత.
ఆ అంచు కోసం ఎన్ని కడియాలు ఖాళీ అయ్యాయో
రేకుడబ్బా ఊపి విన్నది.

ఇక్కడ ఆపితే లావు ముక్కుల విజయగాథ అయ్యేది.
మరి కొన్నేళ్ళకి కుండపోత.
తీగలు పల్లేరుని కప్పేశాయి,
నేలంతా ఆవాలంత గింజలు.
ఈసారి తడబడింది లావు ముక్కులు,
సుత్తితో సూదులు ఏరుతున్నట్టు.
అదే చెయ్యి. వేరే రంగు పోగులు.

ఇప్పుడు సోయ్లాకి ప్వెర్తో అయోరా వీధిలో భోజనాల బండి.
పిట్టలు బల్లలెక్కి తింటాయి, భయం లేదు, మొహమాటం అసలే లేదు.
మెతుక్కి ముళ్ళుండవు. సన్నముక్కూ లావుముక్కూ
ఒకే పళ్ళెం అంచున.
"తొమ్మిదింబావు" అని గొణుక్కుంటుంది,
చిల్లర లెక్కపెడుతూనే, అలవాటు చావక.

బండి కట్టేశాక అడుగంటిన అన్నం గీకి
గుప్పిట్లోకి తీసుకుంటుంది, విసరడానికి.
ఒక్కోరోజు చెయ్యి ఎత్తి
అలాగే కాసేపు ఆగిపోతుంది,
ఆ చేతినే చూసుకుంటూ.