తొంభైలో సగం

ఔలులో మధ్యాహ్నం మూడింటికే చీకటి.
హిల్కా ఫైలులో ఇంకోసారి అదే వరుస దిద్దింది:
ఉష్ణమాపకం, రెండు తీగల వీధి, ఇంటి నంబరు తొంభై.

ఆ వీధిలో అంత పెద్ద నంబరే లేదని
పొద్దున్నుంచీ కర్నల్ ఉత్తరం తిప్పి పంపుతోంది.
కిటికీ సందులోంచి మంచులోకి వేలాడే కేబుల్ చివర
మిరియపు గింజంత చిప్
కరెంటు తాగుతూ ఇంట్లోనే ఉంది.

టంకం పొగ వాసనతో వచ్చిన వైనో
డేటాషీటు మీద గోటితో గీశాడు:
"చివరి బిట్టు చిరునామాలోది కాదు.
చదువుతావా, రాస్తావా అని
గుమ్మంలో అడిగే మాట. తీసెయ్."

తొంభైలో సగం నలభై ఎనిమిది.
వేళ్లు పదహారున్నవాళ్ల లెక్క.

మళ్లీ బూటయింది.
మైనస్ పందొమ్మిది,
అంది చిప్.
హిల్కా లేచి చేతి తొడుగులు వెతుక్కుంది.