ఉత్తరపు గోడ

చిలోయే దీవిలో వాన ఉత్తరం నుంచి వస్తుంది.
దక్షిణం వైపు గోడకి ఉల్లిపాయలు వేలాడదీసుకోవచ్చు.
ఉత్తరపు గోడ మాత్రం ఏడాదిలో పది నెలలు
జ్వరం మనిషి నుదురు,
తడిగుడ్డ తీసే పనే ఉండదు.

జూన్ చలిలో ఒకరోజు
పడకగదిలో బీరువా పక్కకి జరిపాను.
వెనక గోడ మీద ఇంకో బీరువా,
నల్లటి బూజుతో, అంచులు కూడా తప్పకుండా.
లోపల పెళ్ళినాటి ఉన్నికోటు జేబులో
చిటికెనవేలంత పుట్టగొడుగు
నాకోసం దాచిపెట్టినట్టు.

బెలార్మీనో వచ్చి బయటి పలకలు ఊడదీసి చూశాడు.
అలెర్సె చెక్క, వాళ్ళ నాన్న కొట్టినవి,
అరవై ఏళ్ళు వాన తాగి వెండిరంగుకి తిరిగినవి.
"పలకలకేం కాలేదు ఎదువీనా, మేకులే చచ్చిపోయాయి" అన్నాడు.
వెనక చెక్కని వేలితో నొక్కితే
పాలలో నానిన రొట్టెలా లోపలికి దిగింది.
కొత్త అలెర్సె దొరకదు. ఆ చెట్టుని కొట్టనివ్వరిప్పుడు.
కొట్టనివ్వకపోవడమే మంచిది.
ఉన్న పలకలు ఆ గోడకి సగానికి కూడా రావు.

కాస్ట్రో ఊళ్ళో కొట్టుకెళ్ళాను, మరిది నొల్బెర్తోని వెంటేసుకుని.
కొట్లో కుర్రాడు నమూనాలన్నీ బల్లమీద పరిచాడు,
పేకముక్కలు పంచినట్టు.
"దేనికీ మెయింటెనెన్స్ అక్కర్లేదు సెన్యోరా. నలభై ఏళ్ళ గ్యారంటీ."
"నాకు అరవై తొమ్మిది. కాగితం ఎవరి పేర రాస్తావు బాబూ?"
వాడు కాసేపు ఆలోచించి, "గోడ పేర" అన్నాడు.
తెలివైనవాడే.

వినైల్ వద్దనుకున్నాను.
ఒతీలియా వేయించింది, అచ్చం చెక్కలా గీతలతో.
పోయిన ఆగస్టు గాలికి నాలుగు ముక్కలు లేచి
సముద్రపు ఒడ్డున తేలాయి.
పిల్లలు వాటిమీద కూర్చుని బురదలో వారం రోజులు జారారు.

నొల్బెర్తో ఫైబర్ సిమెంట్ అన్నాడు.
చెదపట్టదు, తుప్పుపట్టదు, కుళ్ళదు, కాలదు.
అన్నీ నిజమే.
గోరుతో కొట్టి చూశాను.
ఊ అనలేదు, ఆ అనలేదు.

ఎవరికీ చెప్పని సంగతొకటుంది.
రెండు చలికాలాల కింద నా కుడిచెవి మూసుకుపోయింది.
ఎడమది సగం తెరిచిన తలుపు.
రాత్రుళ్ళు వాన పడుతోందో లేదో
కిటికీ అద్దానికి చెయ్యి ఆనించి తెలుసుకుంటున్నాను.
గోడలకు చెవులుంటాయంటారు, ఉండనీ,
నాకు కావాల్సింది నోరున్న గోడ.

మూలన నిలబెట్టిన జింకు రేకుని
తాళంచెవితో తట్టాను.
పలికింది.

"ఉప్పుగాలికి తింటుంది వదినా,
పదేళ్ళకోసారి రంగు వెయ్యాలి" అన్నాడు నొల్బెర్తో.
"వేద్దాం. నిచ్చెన నువ్వెక్కుదువుగాని."

బెలార్మీనో ముందు చెక్కపట్టీలు కొట్టాడు,
గోడకీ రేకుకీ మధ్య రెండువేళ్ళ సందు వదిలి,
ఎలుకలు దూరకుండా కింద జల్లెడ బిగించి.
"ఏది తొడిగినా ఎప్పుడో తడుస్తుంది,
తడిసింది ఆరే దారుండాలి, అంతే" అన్నాడు
నోట్లో మేకులు పెట్టుకుని, సగం సగం మాటల్లో.
ఇన్నేళ్ళుగా ఆ గోడని కప్పడమే తెలుసు మాకు.

పాత పలకలతో కోళ్ళగూడు కట్టించాను.
ఈ వీధిలో అందరికంటే ఖరీదైన ఇంట్లో
ఉంటున్నవి నా కోళ్ళే.

మొదటి రాత్రి తుప్పర మొదలైంది.
ఎవరో దూరంగా బియ్యం చెరుగుతున్నట్టు.
తర్వాత జల్లు. ఆ తర్వాత జడి,
గోడంతా ఒకేసారి మాట్లాడ్డం.
ఎడమచెవి పైకి పెట్టుకుని పడుకున్నాను.

తెల్లవారుజామున నాలుగింటికి
ఎవరో లేపినట్టు ఉలిక్కిపడి లేచాను.

వాన ఆగింది.