మంచు మందం

రాత్రి పదకొండున్నర. హాప్సలు రేవు గాలి
తలుపు సందులోంచి ఈల వేస్తోంది.
తెర మీద ఎర్రగా అదే వాక్యం, పదిహేడోసారి:
బిల్డ్ ఆగిపోయింది.
ఎందుకని అడిగితే నాలుగొందల వరుసలు చెబుతుంది,
అసలు మాట మింగేస్తుంది,
అద్దం పగలగొట్టిన పిల్లాడు
భోజనం ఏమిటని అడిగినట్టు.

పెద్ద ప్యాకేజీ ఏం కాదు.
సముద్రం గడ్డకట్టాక
దీవికి వేసే మంచుదారి
ఎంత బరువు మోస్తుందో లెక్కగట్టేది, అంతే.
ఇంత మందముంటే కారు, తగ్గితే కాలినడక,
ఇంకా తగ్గితే ఇంట్లో కూర్చుని కాఫీ.
రాసినవాడు తావెట్ రోసిమా, రోడ్ల శాఖ సర్వేయరు.
కాలు విరిగిన ఒక చలికాలం
మంచంలో పడుకుని రాశాడట.
తాళంచెవులు ఇప్పుడు నా దగ్గరున్నాయి.
ఆయన చేతికివ్వలేదు,
గుమ్మం దగ్గర పడుంటే ఏరుకున్నాను.

కొత్త కంపైలర్ వచ్చి
పాత మర్యాదలు ఇక చెల్లవంది.
సరేనని ఒక లైబ్రరీ మార్చాను.
అది ఇంకోదాని మూడో వెర్షన్ అడిగింది.
పక్కనున్నది రెండో వెర్షన్ ఉంటే తప్ప
గుమ్మం తొక్కనంది.
ఒకే పంక్తిలో కూర్చోని వియ్యపురాళ్ళు:
ఈవిడను బతిమాలితే ఆవిడ అలిగింది.
తీగ లాగితే డొంక కదులుతుందంటారు,
ఇక్కడ డొంకంతా కదులుతోంది,
తీగ ఎక్కడుందో చెప్పేవాళ్ళు లేరు.

గాల్వే నుంచి ఫీయక్ర రాశాడు:
"నా మెషీన్ మీద బాగానే నడుస్తోంది, విర్వె."
ఓదార్పో దెప్పో తేలని మాట.
గడ్డకట్టిన సముద్రాన్ని చూడనైనా చూడనివాడు
ఆరేళ్ళుగా మా మంచును తన డిస్క్ మీద మోస్తున్నాడు.
ఎందుకని నేను అడగలేదు,
అతనూ చెప్పలేదు.

మూడో రాత్రికి వియ్యపురాళ్ళు సర్దుకున్నారు.
మధ్యలో చిన్న ప్యాచ్, పలచటి తెరలాంటిది.
ఒకరి మొహం ఒకరికి కనపడకుండా వేశాను.
కంపైల్ అయింది. లింక్ అయింది.
లేచి నీళ్ళు తాగాను.
తిరిగొచ్చేసరికి పరీక్ష దగ్గర ఆగి ఉంది:
మంచు మందం సున్నా.

ఫిబ్రవరి నడుమ.
కిటికీ బయట, దీపస్తంభం దాకా
తెల్లగా, రాయిలా సముద్రం.
సున్నా అట!

అప్పుడు పాత చరిత్ర తవ్వాను,
ఏడాదికేడాది, వరుసకు వరుస.
తావెట్ రాసిపెట్టుకున్న మాట దొరికింది:
"దీన్ని తీయకండి. ఎందుకుందో నాకూ తెలీదు.
తీస్తే కార్ద్లాలో నడవదు."
దాని కింద ఉండాల్సిన వరుస లేదు.
తీసిన పేరు చూశాను.
నాదే.
పోయిన అక్టోబరులో, శుభ్రం చేస్తున్నానని.
ఆరోజు సర్వర్ ఏమీ అనలేదు,
దానికి మా భాష రాదు కనక.

మా దేశంలో భిన్నానికి కామా పెడతాం.
ఫైల్లో ఉన్నది చుక్క.
సున్నా, చుక్క, ఇరవై నాలుగు:
నా మెషీన్ సున్నా చదివి
చుక్క దగ్గర నిలబడిపోయింది,
తెలియని గుమ్మం ముందు చుట్టంలా.
గాల్వేలో చుక్క సొంతింటిది.
ఫీయక్ర నిజమే చెప్పాడు పాపం.

వరుసను దాని చోట పెట్టాను.
తావెట్ మాటను తుడవలేదు.
కింద రాశాను: "ఎందుకో ఇప్పుడు తెలిసింది",
కామా సంగతి, చుక్క సంగతి,
తీసి తప్పు చేసిన నా సంగతి.
రెండుంపావుకి పచ్చగా వెలిగింది.
చప్పట్లు కొట్టడానికి
హీటరు తప్ప ఎవరూ మేలుకుని లేరు.

తెల్లారాక దారి దగ్గరికి నడిచాను.
బోర్డు మీద ఉంది: మంచు మీద సీటుబెల్టు పెట్టుకోవద్దు.
దారి కాపలా హెల్యుకి లెక్క చూపించాను.
మర్యాదగా తలూపింది,
అయినా డ్రిల్లు బయటకు తీసింది.
కోపం రాలేదు.
నేనైనా అదే చేస్తాను.
కన్నంలోకి కొలబద్ద దించి,
మిట్టెన్‌తో మంచుపొడి తుడిచి,
"ఇరవై ఆరు" అంది.

నోటితో చెప్పింది కదా,
చుక్కా లేదు, కామా లేదు.