వేలు పెట్టి చూడు

నాలుగు రోజులకోసారి ట్యాంకరొచ్చే వీధి మాది,
కనిగిరిలో, పామూరు రోడ్డుకి రెండు సందులు లోపల.
ఏది వాడినా ఇక్కడ ఒకటే అనుకుంటాం:
నీళ్లు చాల్లేదు.
దూడ తల వాల్చినా, చంటిది ఏడ్చినా,
చిక్కుడు తీగ మెడ వంచినా.

అందుకే, కుట్టుమిషను పక్కన కిటికీలో
ఆ బొద్దాకుల మొక్క మొదటి ఆకు రాల్చినప్పుడు
చెంబెడు పోశాను.
అదీ బోరు నీళ్లు కాదు.
మా నాన్న మోకాళ్లు వంచిన నీళ్లు,
నా పళ్ల మీద పసుపు గీతలు గీసిన నీళ్లు
దానికెందుకని
ఇరవై రూపాయల క్యాన్లోంచి వంచి పోశాను.

రెండోనాడు మూడు ఆకులు.
ఇంకో చెంబు.
జాకెట్టు చెయ్యి తిప్పుతుంటే మోచెయ్యి తగిలి
టపటపా ఏడు.
ఒకటి తీసి చూస్తే
ఉడికిన సగ్గుబియ్యంలా మెత్తగా,
అవతలి వెలుతురు కనపడేట్టు.
మూడో చెంబు.

బస్టాండు కాడ మొక్కలమ్మే మస్తాన్‌బీ
చీరకి ఫాల్ కుట్టించుకోడానికొచ్చి
చీర సంగతే మర్చిపోయింది.
"ఎన్నాళ్లకోసారి పోత్తన్నావ్?"
"రోజూ."
"పోసేముందు మట్లో వేలు పెట్టి చూశావా?"

నవ్వొచ్చింది నాకు.
అన్నిట్లో వేలు పెడతానని
మా ఆయన ఇరవయ్యేళ్లుగా తిడతానే ఉండాడు.
పెట్టాల్సిన చోట మాత్రం పెట్టలా.

రెండు కణుపుల దాకా దించాను.
పైన పొడి. లోపల
కాలవగట్టు బురద.
వాసన కూడా అదే.

కుండీ తిరగేసింది. అడుగున చిల్లే లేదు.
ఎవరి పెళ్లిలోనో చేతిలో పెట్టిన పింగాణీది,
మీద నెమలి బొమ్మ.
"ఇది కుండీ గాదమ్మే, పులుసుగిన్నె."
మొక్కని పెరికితే వేళ్లు నల్లగా
నానిన నూలుపోగుల్లా చేతికే ఊడొచ్చినయ్.
"దప్పిక గాదు దీనికి. ఊపిరాడక.
కింది ఆకు కాయితంలా ఎండి రాల్తే దాని వయసు, ఊరుకో.
ఒళ్లంతా ముడతలు పడితే అప్పుడు పొయ్యి.
ఇట్టా మెత్తబడి ముట్టుకోకముందే రాల్తే
నువ్వే."

కత్తెర అడిగింది.
బట్టల కత్తెర, కాయితం కూడా కోయనియ్యను దాంతో.
ఇచ్చాను.
కుళ్లినకాడికి కోసింది, ఇంకొంచెం కోసింది,
కాండం లోపల తేటగా పచ్చన కనపడేదాకా.
మిగిలింది బొటనవేలంత.
"మూడ్రోజులు నీడన పడుకోబెట్టు. గాయం ఆరాల."

పాలేటి ఇసక రెండు పాళ్లు, ఎర్రమట్టి ఒక పాలు,
మార్కాపురం నించి మా తమ్ముడు మాల్యాద్రి తెచ్చిన
పలకరాయి ముక్కలు గుప్పెడు.
కొబ్బరినూనె డబ్బా అడుగున
కాల్చిన మేకుతో నాలుగు చిల్లులు.
పొద్దుటెండ మాత్రం తగిలే చోటు.
నాటాక నీళ్లో?
"వారం దాకా దాని జోలికి పోబాక."

ఆ వారంలో ట్యాంకరు రెండుసార్లొచ్చింది.
రెండుసార్లూ చెంబు దానంతటదే చేతిలోకొచ్చింది.
మా ఊళ్లో నీళ్లుండీ పోయకపోవడం
ఎంత పాపంగా ఉంటదో ఎవరికి చెప్పను?
చెంబు బోర్లించి
దాని మీద ఇస్త్రీపెట్టె పెట్టాను.

రాలినవాటిలో గట్టిగున్న ఆకులు పదకొండు,
పిల్లోడి విరిగిన పలక మీద పరిచాను,
ఎక్కాలు సగం చెరిగిన పలక.
ఎనిమిది ఎండినయ్. రెండు చీమలెత్తుకెళ్లినయ్.
ఒకదానికి,
ఏడెనిమిదుల గీత దగ్గర,
గులాబీ రంగు పోగు,
సన్నసూదిలోకి ఎక్కేంత.

డబ్బాలోది బతుకుద్దో లేదో
ఇంకా చెప్పట్లా.
కదిపి చూడబుద్ధవుద్ది. కదపను.
శుక్రవారం శుక్రవారం వేలు పెడతాను,
తడి తగిల్తే చీరకి తుడుచుకుని
మిషనెక్కుతాను.

దానికని వంచిన నీళ్లు
ఇయ్యాల చెంబులో అట్టానే ఉండయ్.
కుట్టేటప్పుడు మధ్యలో లేవాల్సొస్తుందని
పగలు మంచినీళ్లు తాగను నేను, ఎన్నేళ్లనించో.
పెదవి మీద వేలు పెట్టి చూసుకున్నా.
పొడి.
చెంబెత్తాను.